నేతి ఊ, ఎండు ఊ

నమోదు 1

ఇకనుంచి మా వృత్తిలో ఉన్నవాళ్ళంతా సొంత చిట్టా రాసుకోవాలట. ఎదుటివాళ్ళ మాట వినేవాడు తన లోపలి మాట కూడా వినాలట, లేకపోతే లోపల అబద్ధం పేరుకుపోతుందట. ఈ నిబంధన తెచ్చిన దస్తగిరమ్మ గారు, "రోజూ వద్దులే నాయనా, మనసులో ఏమన్నా కదిలినప్పుడు రాయి, చాలు" అన్నారు. నా మనసులో ఎక్కువగా కదిలేది ఆకలి. కనుక ఈ చిట్టాలో పుట్టగొడుగుల పులుసు ప్రస్తావన ఎక్కువైతే చదివేవాళ్ళు మన్నించాలి.

నా పేరు గవర్రాజు. బయట పీల్చే గాలి లేని ఈ ఎర్రనేల మీద, కొత్త కోరంగిలో, మూడో గుమ్మటం కింద, ఊ కొట్టే ఉద్యోగం నాది. కాగితాల్లో 'శ్రోత' అని రాస్తారు. జనం మాత్రం ఊకొట్టేవాడు అనే పిలుస్తారు. ఎవరో ఒకరు వచ్చి నా ఎదుట కూర్చుని మాట్లాడతారు, నేను వింటాను. సలహా ఇవ్వకూడదు, మంచిచెడ్డలు తూచకూడదు. ఎటు పెరగాలో ప్రతి మనిషికీ లోపల తెలుసు, పక్కన కూర్చుని నిజంగా వినేవాడొకడుంటే ఆ తెలివి తనంతట తనే దారి చూసుకుంటుంది. మా బడిలో నేర్పిన మొదటి పాఠం ఇది. చివరి పాఠమూ ఇదే. మధ్యలో మూడేళ్ళు ఏం నేర్పారో నాకు గుర్తు లేదు. మేం చేసిన ప్రమాణం మాత్రం గుర్తుంది: తూచకు, తోడుండు, నటించకు. మొదటి రెండూ ఎలాగో నెట్టుకొస్తున్నాను.

ఈ ఉదయం గాలి జల్లెడ కడిగేసరికి ఎర్రదుమ్ము చిన్న బకెట్టెడు వచ్చింది. గడ్డం గీసుకోవడానికి ఇచ్చిన నీళ్ళు కూడా ఆ జల్లెడకే పోయాయి. మాసిన గడ్డంతో అద్దం ముందు నిలబడితే, అద్దంలో నిండు గవర్రాజు నున్నటి చెంపలతో నన్ను చూసి చల్లగా నవ్వాడు.

ఇక్కడ పద్దెనిమిదేళ్ళు వచ్చిన ప్రతివాళ్ళ గదిలోనూ నిండు అద్దం బిగిస్తారు. అందులో కనిపించేది మనం కాదు, మనం కాగలిగిన మనిషి. మన మాటలూ, నిద్రా, రక్తమూ అన్నీ చూసి యంత్రం ఆ రూపాన్ని కడుతుంది. మనకీ ఆ రూపానికీ తేడా ఎంతో ఒక అంకె గుమ్మం పక్కన వెలుగుతుంటుంది. నా గుమ్మం మీది అంకె గుమ్మటం మొత్తానికి పెద్దది. కొత్తవాళ్ళకి దారి చెప్పేటప్పుడు "ఆ ఎర్రగా వెలిగే డెబ్బై ఆరు దాటి కుడివైపు తిరగండి" అంటారు. ఆ విధంగా నేను సంఘానికి ఉపయోగపడుతున్నాను.

నమోదు 3

(రెండో నమోదు పూర్తిగా పులుసు గురించే. కొట్టేశాను.)

ఇవాళ దస్తగిరమ్మ గారు పిలిపించారు. ఆవిడ అన్ని గుమ్మటాల శ్రోతలకీ పెద్ద. మనిషిని ఏమాత్రం నొప్పించకుండా ఉద్యోగం ఊడగొట్టగల సమర్థురాలు.

"గవర్రాజూ, నీ దగ్గరికి వచ్చేవాళ్ళ తేడాలు దిగల్యా నాయనా. ఒకాయనకి ఎక్కినాది కూడా" అన్నారు.

ఆ ఒకాయన పంపుల మనిషి. బావమరిదిని చూస్తే నోరు పెగలడం లేదని వచ్చాడు. ఏడాది పాటు విన్నాను. చివరికి వెళ్ళి బావమరిదితో ఘనంగా గొడవపడ్డాడు. నా దృష్టిలో అది ప్రగతి. అద్దంలో ఉన్న నిండు పంపుల మనిషి ఎవరితోనూ గొడవపడడు కాబట్టి అంకె దృష్టిలో కాదు.

"ఈ ఏడు కూడా ఇట్లనే ఉంటే నీ బిళ్ళ తీసుకుంటారు. నేను అడ్డం పడలేను."

బిళ్ళ అంటే చొక్కాకి గుచ్చుకునే చెవి బొమ్మ. అది ఉన్నంతకాలం శ్రోతను. అది పోతే మనుషులు తక్కువైన చోటికి పంపిస్తారు. ప్రస్తుతం మనుషులు తక్కువైన చోటు ఎరువుల గది. గుమ్మటంలోని మరుగుదొడ్లన్నీ చివరికి ఎక్కడికి చేరతాయో అదే ఆ గది. నా ఆత్మగౌరవం మోటుదే గానీ ముక్కు సున్నితం.

"నూకరత్నం గారున్నారు కదా మేడమ్. ఆవిడ తేడా బాగా దిగుతోంది" అన్నాను.

"ఊఁ. ఆయమ్మ ఒక్కతే ఉండాది నిన్ను గట్టెక్కించేదానికి" అన్నారు దస్తగిరమ్మ గారు. వేళాకోళం అనుకుని నవ్వాను.

నమోదు 4

నూకరత్నం గారు ఈ గుమ్మటం బాలవాడి నడుపుతారు. తల్లిదండ్రులు పనికి వెళ్ళినప్పుడు పిల్లలంతా ఆవిడ దగ్గరే ఉంటారు. నాకన్నా కొంచెం చిన్న, నాకన్నా చాలా ఓపిక. అద్దంలో ఆవిడ నిండు రూపాన్ని గుమ్మటంలో చూడనివాళ్ళు లేరు. చంకలో ఒక పిల్ల, చీర కుచ్చిళ్ళు పట్టుకుని మరో ఇద్దరు, ముఖాన చెరగని నవ్వు. రెండేళ్ళ కిందట ఆవిడ నా దగ్గరికి వచ్చినప్పుడు తేడా యాభై దగ్గర ఉండేది. "నాకేటో అవుతుందండి, ఏటో తెలీదు" అని మొదలుపెట్టారు. ఇప్పుడు ఆ అంకె ఒంటి అంకెలోకి వచ్చింది.

ఎప్పటిలాగే నాచుపిండి జంతికలు తెచ్చారు. మా బడిలో చెప్పినదాని ప్రకారం నేను తీసుకోకూడదు. తీసుకున్నాను.

ఇవాళ ఒక పిల్లాడి ముచ్చట చెప్పారు. వాడికి మాటలు రావడం లేదని తల్లి బెంగపడుతుంటే, నిన్న అన్నం గిన్నె చూపించి "వద్దు" అన్నాడట. వాడి మొదటి మాట అదేనట. ఆ సంగతి చెబుతుంటే ఆవిడ ముఖం వెలిగింది. నేను నిండుగా ఊ కొట్టాను. ఆ తర్వాత ఎందుకో కిటికీ వైపు చూస్తూ, "బయట పలకల మీద దుమ్ము బాగా పట్టినట్టుందండి" అన్నారు. ఎండనుంచి కరెంటు తీసే ఆ పలకల ఊసు ఇప్పుడెందుకో నాకు అర్థం కాలేదు. ఊ కొట్టి ఊరుకున్నాను. మళ్ళీ పిల్లల్లోకి వచ్చారు.

ఆవిడ వెళ్ళాక నా గుమ్మం దాకా వెళ్ళి, ఎదురు వరసలో ఆవిడ గుమ్మం వైపు తొంగి చూశాను. అంకె మరో రెండు దిగింది. ఎవరూ చూడకుండా చిన్నగా గంతేశాను. అద్దంలో నిండు గవర్రాజు గంతెయ్యలేదు. వాడికి అలాంటి అవసరాలు ఉండవు.

నమోదు 7

సున్నా! నూకరత్నం గారి తేడా సున్నా!

కొత్త కోరంగి కట్టినప్పటినుంచీ ఇలా జరగలేదు. నెత్తిన పాలు పోసినట్టయింది. పంపుల మనిషి కూడా వచ్చి చేయి పట్టుకుని ఊపాడు. మిగతా గుమ్మటాల శ్రోతలు "నీ పద్ధతేంటి?" అని అడిగితే తల వంచుకుని, "పద్ధతేముంది, వినడమే" అన్నాను. ఆ తల వంచుకోవడాన్ని అద్దం ముందు ఒకటికి రెండుసార్లు చేసి చూసుకునే వెళ్ళాను. నిజం రాయమన్నారు కనుక రాస్తున్నాను.

ఇంకో మూడు రోజుల్లో నిండుముద్ర వేడుక. సున్నాకి చేరిన మనిషి ఇక కదలకూడదు, కదిలితే అంకె చెడుతుంది. అందుకని అదే పని, అదే గది జీవితాంతం ఖాయం చేసి ముద్ర వేస్తారు. ఆవిడ నిండు రూపాన్ని బాలవాడి గోడకి ఎత్తుతారు. ఇకమీదట ఆడపిల్లలకి కట్టే రూపాలు ఆ మచ్చునుబట్టే కడతారట. తేడా లేనివాళ్ళకి వినేవాడితో పని లేదు కాబట్టి నా ఎదుటి కుర్చీ కూడా ఆవిడకి ఇక ఉండదు. వేడుకలో నేను చెయ్యాల్సిందల్లా వేదికెక్కి, "ఈమె మాట పూర్తిగా విన్నావా?" అని అడిగితే "విన్నాను" అనడమే. ఆ ఒక్క మాటతో ముద్ర పడుతుంది. నా బిళ్ళకి చుట్టూ పసుపు అంచు వస్తుంది. మొదటి సున్నా మాదే కనుక గుమ్మటానికి వేడినీళ్ళ స్నానాల గది కట్టిస్తామని పైవాళ్ళు మాట ఇచ్చారు. ఇక్కడ పుట్టిన పిల్లలకి వేడినీళ్ళంటే ఏమిటో తెలియదు. వాళ్ళ తల్లులకి తెలుసు. వాళ్ళు నన్ను చూసి కళ్ళు తుడుచుకుంటున్నారు.

నమోదు 8

ఇవాళ నూకరత్నం గారితో చివరి కూర్చోవడం. ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు.

జంతికలు పెద్ద డబ్బా నిండా తెచ్చారు. కూర్చుని కొంగుతో ముఖం తుడుచుకుని, "ఇంకేటండి, అయిపోయింది కదండి. ఇక మీకు దిగుల్లేదు" అన్నారు.

"నాకా?"

"ఆయ్. మీ బిళ్ళ పీకేత్తారని గుమ్మటమంతా అనుకుంటన్నారు కదండి. ఆ ఎరువుల గదిలో మీరేం పడతారు, దుమ్ము పడితేనే తుమ్ముతారు. అందుకే ఎలాగోలా దించేత్తే బాగుంటదనుకున్నానండి."

నాకు అర్థం కాలేదు. తేడాని కావాలని ఎలా దించుతారు అని అడిగాను.

"మీ ఊని బట్టండి" అన్నారావిడ, వంటలో ఉప్పు సంగతి చెప్పినట్టు. "మీ ఊ రెండు రకాలండి. పిల్లల ముచ్చట్లు చెప్తే నేతి ఊ. అలా కారతా ఉంటది. పలకల మాటెత్తితే ఎండు ఊ. మొదట్లో నాకూ తెలిసేది కాదండి. మాట మధ్యలో ఎండు ఊ పడితే, ఓహో ఇది కాదు కాబోలు అనుకుని వేరే మాటలోకి పోయేదాన్ని. పోగా పోగా ఏది చెప్తే మీకు బాగుంటదో తెలిసిపోయింది. మీకు బాగున్న మాటే అంకెకీ బాగుండేది."

 మూడేళ్ళు బడిలో చదివి, తూచకూడదని ప్రమాణం చేసి, రెండేళ్ళుగా నేను రోజూ తూకం వేస్తూనే ఉన్నాను. గొంతుతో.

"మరి మీకేది బాగుంటుందో?" అన్నాను.

"నాకేటండి. బాలవాడిలో ముప్పై మంది పిల్లలున్నారు. వాళ్ళతో పాటు మీరొకరు."

ఆ మాట ఆవిడ ఎత్తిపొడుపుగా అనలేదు. నిజంగా అలాగే అనుకుంటున్నారు. నేను ఆవిడని మోస్తున్నానని గుమ్మటమంతా చాటుకుంటుంటే, చంకలో ఉన్నది నేనని తెలిసింది.

"పలకల సంగతి ఒకసారి చెప్పండి" అన్నాను. "ఈసారి నేను ఊ కొట్టను."

జంతికల డబ్బా మూత తీసి, మళ్ళీ పెట్టారు. తర్వాత నెమ్మదిగా మొదలుపెట్టారు. రెండేళ్ళ కిందట పెద్ద దుమ్ము వచ్చినప్పుడు, పలకలు తుడిచేవాళ్ళు జ్వరాలతో పడిపోతే వంతులవారీగా అందరినీ బయటికి పంపారు. ఆవిడ కూడా గాలితొడుగు వేసుకుని ఒక్కత్తీ వెళ్ళింది.

"ఎవరూ 'అమ్మా' అన్లేదండి" అన్నారు. "పొద్దుటినుంచీ ఎవరూ అన్లేదు. దుమ్ము తుడుత్తుంటే కింద పలక నల్లగా మెరుత్తది, అంతే. దానికి నామీద ప్రేమ లేదు, నాకు దానిమీద లేదు. ఎంత హాయిగా ఉందోనండి. లోపలికొచ్చాక గుమ్మం దగ్గిర పిల్లలంతా ఎగబడతా వచ్చారు. వాళ్ళని చూత్తే నాకు..." ఆగిపోయారు. "ఏడుపొచ్చిందండి. అదీ సంగతి. అది చెప్పుకుందామనే మీ దగ్గిరకొచ్చింది."

రెండేళ్ళ కిందట ఆవిడ వచ్చింది ఈ ఒక్క మాట చెప్పుకోవడానికి. నేను దాన్ని బయటికి రానివ్వలేదు.

"మరయితే ముద్ర..." అన్నాను. సలహా కాకుండా అంతకుమించి ఎలా అడగాలో తెలియలేదు.

"అదేటండీ, ఇంతదూరం వచ్చాకా?" అని నవ్వేశారు. అచ్చం అద్దంలో నవ్వే. "పిల్లల తల్లులు వేన్నీళ్ళ కోసం తువ్వాళ్ళు కుట్టుకుంటన్నారు. మీకూ బాగుంటది, అందరికీ బాగుంటది. నేనొకదాన్నీ పలకలు తుడవకపోతే కొంపలేం అంటుకోవు లెండి."

వెళ్ళిపోయారు. డబ్బా నా ముందే ఉంది. ఒక్కటి కూడా తినలేకపోయాను. నన్నెరిగినవాళ్ళు ఈ వాక్యాన్ని నమ్మరు.

నమోదు 9

పొద్దున్నే దస్తగిరమ్మ గారి దగ్గరికి పరిగెత్తాను. మొత్తం చెప్పాను. నా ఊ సంగతి కూడా దాచలేదు.

ఆవిడ చేతులు ఒళ్ళో పెట్టుకుని పూర్తిగా విని, "నీ వల్లనే ఆయమ్మ ఇరుక్కుపోయినాదని కుమిలిపోతాండావు" అన్నారు.

"అవును మేడమ్. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

"ఏం చెయ్యాలో తెలీక తల్లడిల్లుతాండావు."

"అది నాకు తెలుసు మేడమ్!"

"తెలిసిందే నేను మళ్ళా చెప్తాంటే కోపం వస్తాండాది."

బల్ల మీది గ్లాసు విసిరి కొట్టాలనిపించింది. ఇన్నేళ్ళూ జనం నా ఎదుట కూర్చుని ఇంత హింస పడ్డారా అని మొదటిసారి అనుమానం వచ్చింది. వాళ్ళెవరూ గ్లాసు విసరలేదంటే అందరూ ఉత్తములే.

అప్పుడు దస్తగిరమ్మ గారు ఉన్నట్టుండి నా మాటలే తిప్పి చెప్పడం మానేసి వెనక్కి వాలారు. "నాకూ బయంగా ఉండాది నాయనా" అన్నారు. "నువ్వు విన్నానంటే ఆయమ్మ బతుకంతా ఆడనే. విన్లేదంటే వేన్నీళ్ళు పాయె, నీ బిళ్ళ పాయె, నన్నూ పైవాళ్ళు వదలరు. ఏది మంచిదో నాకూ తెలీదు. తెలిసినా చెప్పను. కానీ బయంగా ఉండాదని అబద్ధం లేకుండా చెప్తాండా."

విచిత్రంగా ఆ మాటతో నా ఊపిరి కుదుటపడింది. ఆవిడ నన్ను నడిపించలేదు, నన్ను వదిలెయ్యనూ లేదు. ప్రమాణంలో మూడో మాట నాకు ఇన్నేళ్ళూ ఎందుకు అర్థం కాలేదో అప్పుడు తెలిసింది. నేను నటించకపోతే నా దగ్గర ఇంకేమీ మిగలదని నా భయం.

అయినా సాయంత్రం దాకా మనసు పరిపరివిధాల పోయింది. 'విన్నాను' అంటే పోయేదేముంది, నిన్న ఊ కొట్టకుండా విన్నాను కదా, అది లెక్కలోకి వస్తుంది కదా అని నాకు నేనే వకాలత్తు పుచ్చుకున్నాను. చాలా బాగా వాదించుకున్నాను. ఎరువుల గదిని కూడా ఒకసారి బయటినుంచి వాసన చూసి వచ్చాను.

నమోదు 10

వేడుక అయిపోయింది. అయిపోయింది అనడం కన్నా ఆగిపోయింది అనడం న్యాయం.

గుమ్మటం నడుమ వేదిక వేశారు. గంగాళాల్లో పులిహోర కలిపారు. పిల్లలని వరసగా కూర్చోబెట్టారు. నూకరత్నం గారు పట్టుచీరలో వచ్చి, వేదిక మీదికి తెచ్చిన తన అద్దం పక్కన నిలబడ్డారు. ఆవిడ నవ్వూ అద్దంలో మనిషి నవ్వూ ఎంత ఒకేలా ఉన్నాయంటే, దండ వెయ్యడానికి వచ్చినవాడు ఎవరికి వెయ్యాలో తెలియక ఒక్క క్షణం ఆగాడు. జనం చప్పట్లు కొట్టారు. 

దస్తగిరమ్మ గారు గొంతు సవరించుకుని అడిగారు. "ఈమె మాట పూర్తిగా విన్నావా?"

"వినలేదు" అన్నాను.

కొందరు నవ్వారు, నేను కంగారులో నోరు జారాననుకుని. దస్తగిరమ్మ గారు మళ్ళీ అడగలేదు. నేనే మాట్లాడాల్సి వచ్చింది. ప్రసంగం ఒకటి సిద్ధం చేసుకున్నాను, అందులో పెద్ద మాటలు ఉన్నాయి. ఒక్కటీ గుర్తు రాలేదు.

"నాకు పనికొచ్చే మాటలే విన్నాను" అన్నాను. "అంకె దిగితే నా ఉద్యోగం ఉంటుంది కనుక, అంకె దిగే మాటలకి సంతోషించాను. మిగతావి వినబడనట్టు ఊరుకున్నాను. ఆవిడకేం కావాలో నేను చెప్పను. అది నాది కాదు. నేను వినలేదన్నది మాత్రం నాది."

నేనెంతో ఉదాత్తంగా మాట్లాడానని, ఆవిడ కళ్ళలో కృతజ్ఞత చూడబోతున్నానని అటు తిరిగాను. ఆవిడ ముఖం కందగడ్డలా ఉంది.

"ఏటండీ ఇదీ?" అన్నారు. గొంతు వణుకుతోంది. "ఎవరు చెప్పమన్నారండి మిమ్మల్ని? ఇంతమందిలో పరువు తీత్తారా? రెండేళ్ళండి! మీ మొహం చిన్నబోతే చూళ్ళేక, నాకు రాని నవ్వు నవ్వుకుంటా వచ్చాను. పిల్లలు ఏడుత్తారని నవ్వాను, తల్లులు బెంగెట్టుకుంటారని నవ్వాను, ఆఖరికి వినే ఉద్యోగం చేసేవోడి కోసం కూడా నేనే నవ్వాలా? ఇప్పుడు తమరు మంచోరయిపోయి కూచుంటే నేనేవైపోవాలండీ?"

 అంతా నిజమే. 'మీకు చాలా కోపంగా ఉన్నట్టుంది' అనే మాట అలవాటు కొద్దీ నాలిక చివరిదాకా వచ్చింది. నాలిక కొరుక్కున్నాను. "తప్పు చేశాను" అన్నాను. అంతకన్నా తోచలేదు.

వెనక అద్దంలో నిండు నూకరత్నం చంకలో పిల్లతో నవ్వుతూనే ఉంది. ముందు నిలబడ్డ మనిషి దండ పీకి కింద పడేసింది. ఇప్పుడు ఇద్దరూ వేరని ఎవరికైనా తెలుస్తోంది. అవతల ఆవిడ గుమ్మం మీది అంకె పరుగులు తీస్తోందని ఎవరో అరిచారు. ఆవిడ అటు చూడలేదు.

"నాకు విసుగండి!" అంది. "పిల్లలంటే విసుగు. పొద్దుగూకులూ అమ్మా అమ్మా అంటే విసుగు. నన్ను పలకల మీదకి పంపించండి. ఒక్కదాన్నీ పోతాను. నన్నెవరూ పిలవొద్దు."

అన్నాక చప్పున నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తల్లులంతా వింటున్నారు. పిల్లలంతా వింటున్నారు. ముందు వరసలో చిన్నది ఒకతె బావురుమంది. నూకరత్నం గారు వేదిక దిగి, దాని పక్కన కూలబడి, పట్టుచీర కొంగుతో దాని ముక్కు తుడిచారు. తుడుస్తూ తనూ ఏడ్చారు. విసుగు లేదని మాత్రం అనలేదు.

దస్తగిరమ్మ గారు ముద్ర తీసి సంచిలో పెట్టుకున్నారు. కాసేపటికి జనం పులిహోర తిన్నారు. నేను తినలేదు, ఎవరూ పెట్టలేదు.

నమోదు 12

బిళ్ళ తీసుకున్నారు. వేడినీళ్ళ గది రద్దయింది. చన్నీళ్ళు పోసుకునేటప్పుడు గుమ్మటంలోని ప్రతి గదినుంచీ నా పేరు వినిపిస్తోంది. మా వాళ్ళు అందరూ మర్యాదలో శిక్షణ పొందినవాళ్ళు కనుక తిట్టరు. పక్కింటాయన పొద్దున్నే ఎదురొచ్చి, వణుకుతూ, "మీమీద నాకు అపారమైన ద్వేషం కలుగుతోందని చెప్పుకోవాలనిపిస్తోంది గవర్రాజు గారూ" అన్నాడు. చెప్పుకోనిచ్చాను. చాలాసేపు చెప్పుకున్నాడు. ఇంత శ్రద్ధగా నేను ఎవరి మాటా విని ఎరగను.

నూకరత్నం గారిని పలకల పనికి మార్చారు. తల్లులు గొణిగారు గానీ, విసుగని నోరు తెరిచి చెప్పిన మనిషి దగ్గర పిల్లల్ని ఎలా వదులుతామన్న మాట కూడా వాళ్ళే అన్నారు. దాంతో మనుషులు తక్కువైన చోటు మారింది. నన్ను ఎరువుల గదికి పంపలేదు.

బాలవాడికి పంపారు.

ముప్పై మంది ఒకేసారి మాట్లాడతారు. ఒకరి మాట వింటుంటే ఇంకొకరు చెవి పట్టుకుని తమవైపు తిప్పుకుంటారు. మా బడిలో నేర్పినదేదీ పనిచెయ్యదు. "నీకు కోపంగా ఉన్నట్టుంది" అంటే, "ఆఁ, ఉంది" అని కొరుకుతారు. మొదటి రోజు సాయంత్రం నేను గోడకి ఆనుకుని, ఆవిడ ఇన్నేళ్ళు ఇక్కడ ఎలా నవ్విందో తలుచుకుని సిగ్గుపడ్డాను. నా తేడా ఇప్పుడెంతో చూసుకోలేదు. నాతోపాటు బాలవాడికి తెచ్చిన నా అద్దం మీద పిల్లలెవరో అన్నం మెతుకులు అంటించారు.

నమోదు 15

నూకరత్నం గారు నాతో మాట్లాడటం లేదు. తలుపుల దగ్గర ఎదురైతే పక్కకి తప్పుకుంటారు. క్షమించమని అడగడానికి రెండుసార్లు వెళ్ళి వెనక్కి వచ్చాను. క్షమించమంటే మళ్ళీ నన్ను ఓదార్చే పని ఆవిడ నెత్తిన పడుతుంది. ఆ పాటి తెలివి ఇప్పటికి వచ్చింది. బాధ మాత్రం బాధగానే ఉంది.

ఇవాళ మధ్యాహ్నం పిల్లలు పడుకున్నాక గిన్నెలు కడుగుతుంటే గోడమీది పిలుపుపెట్టె గరగరమంది. బయట పనిచేసేవాళ్ళు లోపలివాళ్ళతో మాట్లాడేది దాంట్లోనే. ఏ తలుపో తియ్యమంటారనుకుని చేతులు తుడుచుకుని వెళ్ళాను. ఎవరూ మాట్లాడలేదు. గాలితొడుగులో ఊపిరి చప్పుడు, పలక మీద గుడ్డ జరుగుతున్న చప్పుడు. జరిగి, ఆగి, మళ్ళీ జరుగుతోంది.

ఎవరో నాకు తెలిసింది. పలకరించాలని నోటిదాకా వచ్చింది. ఎలా ఉన్నారు, కోపం తగ్గిందా, పని ఎలా ఉంది. అన్నీ నాకు కావలసిన ప్రశ్నలే. పెట్టెకి ఆనుకుని అలాగే నిలబడ్డాను. కాళ్ళు లాగాయి. తొట్టిలో నీళ్ళు చల్లబడే పని లేదు, ఎప్పుడూ చల్లగానే ఉంటాయి. బయట గుడ్డ పలక చివరిదాకా వెళ్ళి, ఇంకో పలక మీదికి మారింది.

చాలాసేపటికి గొంతు వినిపించింది. "ఉన్నారాండీ?"

"ఉన్నాను."

"ఏం అనకండి మరి. నేనూ ఏం చెప్పను."

సరే అని కూడా అనలేదు.